మంత్రిగారి పన్నెండో అధ్యాయం

"హైస్కూల్లో ఇంగ్లీషు సాహిత్యం చదవని విద్యార్థి రెక్కల్లేని విమానం" అని విద్యామంత్రిగారు ప్రకటించారు. పేపర్లో ఆ ముక్క చదవగానే మా హెడ్మాస్టరుగారు లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, మళ్ళీ కూర్చున్నారు. ప్రభుత్వం పుస్తకాల పక్షాన ఇంత గట్టిగా నిలబడటం నా డెబ్బై ఏళ్ళలో చూడలేదు.

మా ఊరి హైస్కూలు లైబ్రరీలో అటెండరుగా చేసి రిటైరయ్యాను. తాళాలు అప్పజెప్పించుకునే నాథుడు లేక ఇంకా నా దగ్గరే ఉన్నాయి. పుస్తకాల దుమ్ము దులుపుతూ ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు కూడబలుక్కున్నదాన్ని. మా మనవరాలు అక్కడే పదో తరగతి. ఇంగ్లీషు పరీక్షలో సగం మార్కులు ఒక్క నవలకే. ఇరవై రెండు అధ్యాయాలు. ఇంగ్లీషు టీచరమ్మ ఒక్కో వాక్యం వెంట పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించేది. తలుపు దగ్గర నిలబడి నేనూ వినేదాన్ని.

ప్రకటన వచ్చిన వారానికి గేటు ముందు జీపు ఆగింది. జీపులంటే నాకు నమ్మకం లేదు. ఎవర్నో ఒకర్ని ఎక్కించుకుపోయే జీపులే గానీ దించిపోయేవి నేను పెద్దగా చూడలేదు.

దిగిన ఆఫీసరుగారు ఎంతో సంస్కారవంతులు. తిన్నగా క్లాసులోకే వచ్చారు, వెనకాలే హెడ్మాస్టరు.

"మంత్రిగారి ఆశయం కోసం ఇంగ్లీషు సాహిత్య ప్రోత్సాహక విభాగం తెరిచామండీ. ఏసీ, కుర్చీలు, బోర్డు, అన్నీ వచ్చేశాయి. ఒక్కటే కొరత."

"ఏంటి సర్?" అన్నారు హెడ్మాస్టరు.

"ఇంగ్లీషు వచ్చినవాళ్ళు. మంత్రిగారి పేర వచ్చే ఉత్తరాలకి జవాబులు రాయాలి. మీ టీచర్ని డెప్యుటేషన్ మీద తీసుకెళ్తున్నాం."

"మరి పిల్లలకో?"

"ఇదంతా పిల్లల కోసమే కదండీ!"

టీచరమ్మ చేతిలో చాక్‌పీసు అలాగే ఉంది. "సర్, పదకొండో అధ్యాయంలో ఉన్నాం. ఇంకా సగం పుస్తకం ఉంది."

"పదకొండు చదివినవాళ్ళు పన్నెండోది ఊహించుకోలేరామ్మా? సాహిత్యమంటేనే ఊహ!"

ఇంత లోతైన మాటకి హెడ్మాస్టరుగారు భక్తిగా తల ఊపారు. అయిదు నిమిషాల్లో టీచరమ్మని ఎక్కించుకుని జీపు వెళ్ళిపోయింది. నేను నడవా చివరికి చేరేసరికి గేటు దగ్గర దుమ్మే మిగిలింది.

ఇంగ్లీషు పీరియడు డ్రిల్లు మాస్టారికి ఇచ్చారు. ఆయన పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి, తలా ఒక వాక్యం గట్టిగా చదివించారు. పన్నెండో అధ్యాయం పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ క్రమశిక్షణ మాత్రం చూడముచ్చటగా ఉంది.

మనవరాలు మంత్రిగారికి ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. మా టీచర్ని పరీక్షల దాకానైనా పంపండి అని.

వారానికి జవాబు వచ్చింది. ఎంత చక్కటి ఇంగ్లీషో! కుదరదన్నారని తెలియడానికి నేను రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఇంత బాగా రాసే విద్యార్థులున్న బడిలో ఇంగ్లీషు టీచరు పోస్టు అనవసరమని మంత్రిగారు భావించి, దాన్ని రద్దు చేశారట. హెడ్మాస్టరుగారు ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించారు.

మనవరాలు మాత్రం ఫ్రేము ముందు నిలబడి ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివింది.

"అమ్మమ్మా, ఇది మన టీచర్ రాసింది."

"ఊరుకోవే. కింద మంత్రిగారి సంతకం కనపడటంలా?"

"సంతకమే ఆయనది."

ఆ సాయంత్రమే ఇంకో ఉత్తరం రాసి, నా చేతే పోస్టు చేయించింది. గౌరవనీయులైన విద్యామంత్రిగారికి, మా నవల పన్నెండో అధ్యాయంలో అక్క చెల్లెలికి ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు విడిచి ఎందుకు వెళ్ళింది? దయచేసి తెలుపగలరు.

నాకు నిద్ర పట్టలేదు. మంత్రిగారితో పరాచికాలేమిటని పోలీసులు వస్తారేమో అనుకున్నాను.

నాలుగో రోజున మందపాటి కవరు వచ్చింది. ఆరు పేజీలు. పన్నెండో అధ్యాయం మొత్తం, వాక్యం వెంట వాక్యం. మనవరాలు బల్లెక్కి కూర్చుని క్లాసు మొత్తానికీ చదివింది. డ్రిల్లు మాస్టారు కూడా నోట్సు రాసుకున్నారు. ఆఖరి పేజీలో ఇలా ఉంది:

"అక్క చెప్పకుండా వెళ్ళలేదమ్మా. చెప్పే వ్యవధి ఇవ్వకుండా తీసుకుపోయారు. పదమూడో అధ్యాయం చదివి, మళ్ళీ రాయండి."

కింద మంత్రిగారి సంతకం, ప్రభుత్వ ముద్ర.