మేష్టారి క్యాసెట్టు కోడికూర

ఎనభై నాలుగో సంవత్సరంలో ఇంగ్లండ్ నుంచి ఆ ఉత్తరం వచ్చింది మొదలు, నరసరావుపేట లెక్కల మేష్టారు మస్తాన్‌రావుకి కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేస్తాడు. లేస్తే వంటింటి గడప దాకా వెళ్ళి వెనక్కొస్తాడు.

వేసవిలో నెల రోజులు అక్కడి బళ్ళు చూడ్డానికి వెళ్తున్నాడు. బస డోరతీ అనే ఆవిడ ఇంట్లో. "మా ఇంట దిగినవాళ్ళు ఒక పూట తమ ఊరి వంట చేసిపెట్టడం రివాజు. మీరు ఆదివారాలు స్వయంగా కోడికూర వండుతారట కదా, ఎదురుచూస్తుంటాం" అని రాసిందావిడ.

అందులో ఆవిడ తప్పేం లేదు. దరఖాస్తులో అభిరుచులు అన్నచోట గీత ఖాళీగా ఉండటం చూడలేక ఆ ముక్క రాసింది మస్తాన్‌రావే. పొయ్యి దగ్గర ఇంతవరకూ ఆయన వెలిగించింది సిగరెట్టు మాత్రమే.

భార్య రత్నకుమారిని అడిగితే చెప్పదా అంటే, చెబుతుంది. కానీ "వంటదేముందే, గరిటె తిప్పటమేగా" అని పద్నాలుగేళ్ళుగా అంటూ వచ్చిన నోటితో ఎట్లా అడుగుతాడు? అడిగితే ఇక్కడ పరువు పోతుంది, అడక్కపోతే అక్కడ పోతుంది. ఉత్తరాన్ని దిండు కింద దాచి ఆలోచనలో పడ్డాడు.

చివరికి ఖాదర్ వలి రేడియో షాపులో టేపురికార్డరు అడిగి తెచ్చి, బియ్యం డబ్బా వెనక పెట్టి తువ్వాలు కప్పాడు.

"ఏమే, పక్కింటి కొత్తకోడలు ఇందిరకి వంట రాదంట పాపం. కోడికూర నేర్పరాదా?"

"మీకెప్పట్నించండీ ఇంత జాలి?"

"మనిషన్నాక జాలుండదా?"

"పద్నాలుగేళ్ళనించి చూస్తన్నా. ఉంటే కనపడేది."

ఆదివారం ఇందిర నేర్చుకోడానికి వచ్చే వేళకి మేష్టారు మీట నొక్కి బయటికి జారుకున్నాడు. డబ్బా వెనకనుంచి తీగ వంటిల్లంతా పాకి ప్లగ్గు దాకా పోయింది. రత్నకుమారి దాన్ని నాలుగుసార్లు దాటింది. ఇదేందని ఒక్కసారీ అడగలేదు. అక్కడే మస్తాన్‌రావు అనుమానించాల్సింది. ఆయనేమో ముందు గదిలో పేపరు తలకిందులుగా పట్టుకుని తన తెలివికి తానే మురిసిపోతున్నాడు.

ప్రయాణం నాడు పెట్టె ఆవిడే సర్దింది.

"ఎండాకాలంలో స్వెట్టరెందుకే?"

"చలి దేశమంటగా. మడత చెడుద్ది, దాని కింద చెయ్యి పెట్టమాకండి."

పెట్టలేదు. ఆయన ధ్యాసంతా, ఇంట్లో పెడితే దొరికిపోతానని ఒక్కసారీ వినకుండా చొక్కా జేబులో దాచుకున్న క్యాసెట్టు మీదే ఉంది.

అక్కడ రెండో ఆదివారం డోరతీ, ఆవిడ మొగుడు, ఇద్దరాడపిల్లలు వంటింట్లో వరసగా కుర్చీలేసుకుని కూర్చున్నారు. మా ఊరి గొంతు వినందే నాకు చెయ్యి ఆడదని చెప్పి మస్తాన్‌రావు వాళ్ళ టేపురికార్డర్లో క్యాసెట్టు పెట్టాడు.

"ఉల్లిపాయలు ఎర్రగా వేగనియ్యి ఇందిరా" అంది రత్నకుమారి. వేగనిచ్చాడు. "కారం, ఉప్పు, ముక్కలేసి మూతపెట్టు." పెట్టాడు. అంతలో టేపులో ఇందిర, "మేష్టారు వంటలో సాయం చేస్తారా అక్కా?" అంది.

"సాయమా? ఉప్పు డబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో తెలవదు. ఓసారి టీ పెట్టమంటే నీళ్ళు మాడబెట్టాడు మహానుభావుడు."

"ఏమంటోంది?" అని అడిగింది డోరతీ.

"ఉప్పు చూసి వెయ్యమంటోంది" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"మరి రాత్రిళ్ళు మీ ఇంట్లో ఆ చప్పుడేందక్కా?"

"చిలకలూరిపేట జిన్నింగు మిల్లనుకున్నావా? ఆయన గురకే."

"ఇప్పుడేమంటోంది?"

"మంట తగ్గించమంటోంది."

అన్నాడే గానీ, అనువాదం హడావుడిలో తగ్గించడం మరిచిపోయాడు. కాసేపటికి వంటిల్లంతా పొగ. పిల్లలు దగ్గుతున్నారు. డోరతీ మొగుడు లేచి కిటికీలన్నీ తీశాడు. మూత తీసి చూస్తే కోడి బొగ్గైపోయింది.

టేపులో ఇందిర వెళ్ళొస్తానంది. తలుపు చప్పుడైంది. రత్నకుమారి గొంతు సవరించుకుని మైకు దగ్గరకి వచ్చింది.

"డోరతీ మేడమ్. మై హస్బెండ్ నో కుకింగ్. సూట్‌కేస్, స్వెట్టర్, అండర్ త్రీ బాటిల్స్. యు బాయిల్ రైస్ ఓన్లీ. థాంక్యూ."

దిండు గలీబులు ఉతికేది ఎవరో మస్తాన్‌రావుకి అప్పుడు గుర్తొచ్చింది. ఉలిక్కిపడి టేపు ఆపేశాడు. అప్పటికే డోరతీ పెట్టె దగ్గరుంది.

గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి. వేడన్నంలో కలుపుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, మూడో వాయి కూడా తిన్నారు. తిన్నాక డోరతీ ఆ మహాతల్లి గొంతు మళ్ళీ వినాలంది. ఈసారి టేపు చివరిదాకా పోయింది.

"ఏవండీ, మీరేం నొచ్చుకోమాకండి. సీసాలు మాత్రం శుబ్బరంగా కడిగి పట్టుకురండి."

"ఏమంటోంది?" అంది డోరతీ.

ఆ పూటకి మొదటిసారి మస్తాన్‌రావు ఉన్నదున్నట్టు చెప్పాడు. డోరతీ ఆయన చేతిలో సబ్బు పెట్టింది.