ఓర్విల్ స్టెన్‌స్రూడ్ ఉచిత పికప్

శనివారం పొద్దున పదింటికల్లా పికప్‌ను వదిలించుకుని, ఆ తర్వాత భార్యతో కలిసి హోటల్లో తీరిగ్గా పాన్‌కేకులు తినాలన్నది ఓర్విల్ స్టెన్‌స్రూడ్ పథకం. అంతకుమించి అతనికి కోరికలేవీ మిగల్లేదు.

మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో పికప్ ఉన్నవాడికి శనివారాలు ఉండవు. ఓర్విల్‌ది చిన్న బండే. వెనక తొట్టిలో మంచం పడితే పరుపు పట్టదు. అయినా ఎవరు ఇల్లు మారినా, ఎవరి ఫ్రిజ్ చచ్చిపోయినా ఫోను అతనికే వచ్చేది. "కుదరదు" అనే మాటకు అతనికి నోరు తిరగదు. స్కూళ్లలో గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్లు బాగుచేసినన్నాళ్లూ నిటారుగా ఉన్న నడుము, రిటైరయ్యాక ఊరివాళ్ల సోఫాల కింద వంగిపోయింది. చివరికి భార్య ఆర్లిస్ తేల్చి చెప్పేసింది: "ఇంట్లో ఆ బండైనా ఉండాలి, నేనైనా ఉండాలి." ఓర్విల్ సేవాసంఘానికి ఫోన్ చేసి బండిని దానమిస్తానన్నాడు. లారీ పంపించి లాక్కెళతామని వాళ్లు చెప్పారు.

శనివారం పొద్దున కాఫీ కప్పుతో కిటికీ తెర తీశాడు. ఇంటిముందు, కరగని మంచు మీద, ఒక సోఫా, ఒక వాషింగ్ మిషన్, రెండు కుర్చీలు కొలువుదీరి ఉన్నాయి. వాటి మధ్య పక్కింటి లైల్ టేబుల్ దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఓర్విల్ బయటికి పరుగెత్తాడు. "లైల్, ఏంటిదంతా?"

"సేవాసంఘానికే, ఓర్విల్ గారూ. ఉచిత పికప్ అని చర్చి కరపత్రంలో వేయించారుగా. ఎంత మంచి మనసండీ మీది!"

ఓర్విల్ లోపలికొచ్చి చర్చి కరపత్రం రాసే వెర్నాకు ఫోన్ చేశాడు. ఆవిడకు ఎనభై దాటాయి, వినికిడి అంతంతమాత్రం.

"నువ్వు చెప్పిందే రాశాను నాయనా. శనివారం ఓర్విల్ ఇంటి దగ్గర, సేవాసంఘం కోసం, ఉచిత పికప్."

"నా పికప్‌ను సేవాసంఘానికి ఇచ్చేస్తున్నాను, ఇక సామాను మోయమని ఎవరూ ఫోన్ చేయొద్దని రాయమన్నాను వెర్నా గారూ! సామాను పికప్ చేస్తానని కాదు!"

"అదేగా నేనూ రాసింది," అందావిడ సంతోషంగా. "మా ఇంట్లో పాత బీరువా కూడా ఉంది, వస్తావా?"

ఫోన్ పెట్టి బయటికొచ్చేసరికి కొత్త మనిషి ఒకడు పికప్ చుట్టూ తిరుగుతూ టైర్లను తన్ని చూస్తున్నాడు. పక్క ఊరి నోరిస్. పొలాల్లో కంచెలు వేస్తాడు. వాళ్ల మేనల్లుడు అతణ్ని అక్కడ దింపేసి వెళ్లిపోయాడు. లైల్ అతణ్ని చూసి, సేవాసంఘం మనిషి అనుకుని, "రావయ్యా, ఆ కొస పట్టుకో," అన్నాడు. ఇద్దరూ కలిసి సోఫాను, వాషింగ్ మిషన్‌ను, కుర్చీలను ఒకదానిమీద ఒకటిగా బండిలోకి ఎక్కించి తాళ్లతో బిగించేశారు.

నోరిస్ చేతులు దులుపుకున్నాడు. "తాళంచెవి ఇవ్వండి మరి. సామానుతో సహా ఇస్తారనుకోలేదు. మా ఆవిడ ఎగిరి గంతేస్తుంది."

"తాళంచెవా? ఎందుకు?"

"ఉచిత పికప్ అన్నారుగా! అందరికంటే ముందొచ్చాను."

ఓర్విల్ విషయం విడమరిచి చెబుతుండగానే సేవాసంఘం పంపిన లారీ వచ్చింది. దాని డ్రైవర్ కిందకైనా దిగలేదు. "సామానున్న బండిని లాగను. దారిలో జారిపడితే నా ఉద్యోగం పోతుంది. మీరే నడుపుకుని తీసుకెళ్లండి," అని చెప్పి, వచ్చిన దారినే పోయాడు.

నోరిస్ ముఖం వేలాడేసుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఓర్విల్‌కు చూడబుద్ధి కాలేదు. "పోనీ, వాషింగ్ మిషన్ తీసుకో," అన్నాడు.

నోరిస్ లేచి నిలబడ్డాడు. "సరే. మరి ఇంటిదాకా దింపుతారా?"

గుమ్మంలో నిలబడ్డ ఆర్లిస్ కళ్లు మూసుకుంది. "వెళ్లిరా మహానుభావా. నేనొక్కదాన్నే వెళ్లి తినేస్తాను. నీ వాటా కూడా."

నోరిస్ ఇల్లు పక్క ఊరికి కూడా అవతల, బురద దారి చివర ఉంది. వాషింగ్ మిషన్ నేలమాళిగలో పెట్టాలంది వాళ్లావిడ. మెట్లు ఇరుకు. పైకొచ్చాక ఓర్విల్ నడుము చాలాసేపటిదాకా పైకి రాలేదు. అక్కణ్నుంచి వెర్నా బీరువా కోసం వెళ్లాడు. తాను మాటివ్వకపోయినా, పాపం, ఆవిడ ఎదురుచూస్తోంది.

సేవాసంఘం నడిపే పాత సామాను దుకాణానికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి మేనేజరు యేర్ వాంగ్, చురుకైన అమ్మాయి, బీరువానూ కుర్చీలనూ దింపించుకుని సోఫా దగ్గర ఆగింది.

"ఓర్విల్ గారూ, ఏమీ అనుకోకండి. నిన్ననే ఒకావిడ ఇద్దరు పిల్లలతో ఒక ఇంట్లో దిగింది. ఆ ఇంట్లో కూర్చోడానికి ఏమీ లేదు. ఈ సోఫా తిన్నగా అక్కడికే తీసుకెళ్లి ఇస్తే..."

కుదరదు అందామని ఓర్విల్ నోరు తెరిచాడు. "ఎక్కడ?" అని తన గొంతే వినిపించింది.

ఖాళీ గదిలో సోఫా దింపగానే ఆ తల్లి కోటు కూడా విప్పకుండా దాని మీద కూర్చుండిపోయింది. ఒక్కసారి వెనక్కి వాలి, ఊపిరి వదిలి, అలాగే ఉండిపోయింది. పిల్లలు చెరోవైపూ ఎక్కారు. ఓర్విల్ టోపీ తీసి, ఎందుకో మళ్లీ పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసి వచ్చేశాడు.

దుకాణం ముందు తాళంచెవి యేర్ చేతిలో పెట్టినప్పుడు, మోస్తున్న పెద్ద బరువేదో దింపినట్టయింది. ఆమె రసీదు రాసిచ్చి, బండిని పెరట్లో పెట్టడానికి ఎక్కింది. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ గెంతింది. మళ్లీ ఆగింది.

యేర్ అద్దం దించింది. "ఇది గేర్ల బండా?"

"అవును."

"మాలో ఎవరికీ రాదండీ ఇది. అందరం ఆటోమేటిక్ కార్లే నడుపుతాం." ఆమె కాసేపు స్టీరింగును, తర్వాత ఓర్విల్‌ను చూసింది. "వచ్చే శనివారం చాలా ఇళ్లకు సామాను చేర్చాలి. మీకు వేరే పనేమైనా ఉందా?"

ఓర్విల్‌కు పాన్‌కేకులు గుర్తొచ్చాయి. ఆర్లిస్ గుర్తొచ్చింది. కోటు విప్పని ఆ తల్లి కూడా గుర్తొచ్చింది.

"పొద్దున ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.

ఇంటికి తీసుకెళ్లడానికి ఆర్లిస్ తన కారేసుకుని వచ్చింది. "బండి ఇచ్చేశావా?" అంది.

"ఇచ్చేశాను," అన్నాడు ఓర్విల్, నడుము పట్టుకుని సీట్లో ఒదుగుతూ. "నన్ను కూడా తీసుకున్నారు."

రసీదులో మాత్రం బండి ఒక్కటే ఉంది.