పచ్చ చుక్కల ఏకాభిప్రాయం

ప్రకృతి ఇన్నాళ్లూ ఎవరి ఆమోదమూ లేకుండా ఇష్టం వచ్చినట్టు పెరిగింది, ఇష్టం వచ్చినట్టు తరిగింది. ఇకమీదట ఈ ఆటలు సాగవు. అది ఎక్కడెక్కడ కోలుకోవాలో తేల్చే బాధ్యతను ప్రకృతి పునరుద్ధరణ భాగస్వామ్య విభాగానికి అప్పగించారు. (కోలుకోవలసిందిగా ప్రకృతికి ఇంకా కబురు అందలేదు. అది వేరే విభాగం పని.)

రైతుల్ని భాగస్వాముల్ని చేయడానికి ఆ విభాగం ఒక పద్ధతి కనిపెట్టింది. సమావేశ మందిరం గోడకి మా పొలాలన్నీ చూపించే పటం తగిలిస్తారు. వచ్చిన ప్రతి రైతు చేతిలో కాసిని పచ్చ చుక్కల స్టిక్కర్లు పెడతారు. ఏ నేలను సాగు మాన్పించి పిట్టలకూ తూనీగలకూ వదిలేయాలో రైతులే చుక్కలు అంటించి చెప్పాలి. బలవంతమేమీ లేదు, అంతా స్వచ్ఛందం.

సమావేశం సరిగ్గా కోతల మధ్యలో పెట్టారు. రైతులు ఊళ్లోనే దొరికేది అప్పుడేనని సర్వేలో తేలిందట. పనులు ఆపుకుని అందరూ వెళ్లారు, మా పిన్ని తప్ప. ఆవిడ ఆవుకి ఆ పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. (దూడ అడ్డం తిరగబోతున్నట్టు విభాగానికి ముందే తెలియజేయాల్సింది. తెలియజేయలేదు.)

ఇక మందిరంలో జరిగింది వినండి. తన పొలం మీద తనే చుక్క అంటించుకునేంత వెర్రివాడు మా ఊళ్లో లేడు. పక్కవాడి పొలం మీద అంటిద్దామంటే పక్కవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. చివరికి, పిన్నికి గట్టు పొరుగైన పాలకేంద్రం బాబాయి గొంతు సవరించుకుని, ఆవిడ చేలో పిట్టలు మొదట్నుంచీ బాగానే వాలతాయని గుర్తు చేశాడు. అంతే, పటం దగ్గర తోపులాట. వెనక వచ్చినవాళ్లకి చోటు చాలక చుక్క మీద చుక్క అంటించారు. ఇంత చిక్కటి ఏకాభిప్రాయం తన సర్వీసులో చూడలేదని ఏకాభిప్రాయాధికారి (ఉన్నారండీ, ఆ హోదాతోనే ఉన్నారు) కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

సంగతి సాయంత్రానికి పిన్నికి తెలిసింది. ఆవిడకి ఉన్నదల్లా ఆ ఒక్క పొలం చెక్క. ఒళ్లు మండి నేనే బండి మీద ఎక్కించుకుని ఆఫీసుకి తీసుకెళ్లాను.

"బాబూ, అది పిట్టలకిచ్చేస్తే నేనేం తినాలి?" అని అడిగింది.

"అమ్మా, ఇది మా నిర్ణయమైతే ఇప్పుడే కొట్టేసేవాణ్ణి. మీవాళ్ల నిర్ణయం. దాన్ని కాదనడానికి మేమెవరం?" అన్నారు అధికారి, నిజంగానే బాధపడుతూ. అభ్యంతరం ఉంటే వచ్చే సమావేశానికి వచ్చి చుక్కల రూపంలో తెలపవచ్చని కూడా సెలవిచ్చారు.

తిరుగుదారిలో పిన్ని ఒకటే మాట అంది: "రానీ. ఎవడి చేలో అంటించాలో నాకు తెలుసు."

ఈ మాట ఊళ్లోకి ఎలా పాకిందో గానీ, మర్నాటి నుంచి దూడను చూడ్డానికి జనం వరసకట్టారు. పాలకేంద్రం బాబాయి పచ్చగడ్డి మోపు మోసుకొచ్చి, దూడకి అచ్చం తల్లి పోలికేనని మెచ్చుకుని వెళ్లాడు. పిన్ని గడ్డి తీసుకుంది, మాట మాత్రం కలపలేదు. ఈలోగా ఆవిడ చేను చుట్టూ కంచె పడింది. స్థానిక రైతుల కోరిక మేరకు అని బోర్డు కూడా పెట్టారు.

రెండో సమావేశానికి ఒక్కరూ డుమ్మా కొట్టలేదు. జ్వరంతో ఉన్నాయన దుప్పటి కప్పుకుని మరీ వచ్చి పటంలో తన పొలానికి అడ్డంగా నిలబడ్డాడు. ప్రజల్లో వచ్చిన ఈ చైతన్యాన్ని విభాగం ఫొటోలు తీయించింది. వరసలో అందరికంటే ముందు నిలబడిన పిన్ని, చుక్కల కోసం చెయ్యి చాపింది.

బల్ల దగ్గరి ఉద్యోగిని కంప్యూటర్‌లో చూసి, ఆవిడ భూమి సాగులో లేదు కాబట్టి ఆవిడిప్పుడు రైతు కిందకి రాదని, స్థానిక సమాజం కిందకి వస్తుందని ఎంతో మర్యాదగా చెప్పింది. స్థానిక సమాజానికి చుక్కలు ఉండవు, టీ ఇస్తారు.