ఇనుప గిజిగాడి కడుపులో

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదనుకున్నారు, ఈ చివర కోతి తుమ్మితే ఆ చివర దాని మునిమనవలకి వినబడేంత పెద్ద అడవిలో, ఒక గూళ్ళ కర్మాగారం ఉండేది. గూడంటే ఏమిటో తెలియని కోకిలలకీ, రెండు పుల్లలేసి అదే మేడ అనుకునే పావురాలకీ అక్కణ్ణుంచే గూళ్ళు వెళ్ళేవి.

అల్లేది గిజిగాడు సాంబయ్య, అతని బలగం. అల్లిన ప్రతి గూట్లోనూ సాంబయ్య పెళ్ళాం మంగతాయి దూరి, ఊగి చూసేది. నచ్చకపోతే, "ఛీ! ఇదేం గూడు? విప్పెయ్!" అని ముక్కుతో పీకిపారేసేది. గిజిగాళ్ళ ఇళ్ళలో అదే ఆచారం. కూలి మొక్కజొన్న కంకులు.

మేనేజరు నక్క. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గడ్డిపరక వంచలేదు గానీ, వంచేవాళ్ళని చూసి పెదవి విరవడంలో దాన్ని మించినది లేదు.

ఆ నక్క పొరుగడవి నుంచి ఒక ఇనుప గిజిగాణ్ణి తెప్పించింది. ఏనుగు మీద ఏనుగు నిలబడ్డంత ఎత్తు, గుహంత కడుపు. అది గుర్రుమంటే చూడి కుందేళ్ళు అక్కడికక్కడే ఈనేసేవి!

నక్క సాంబయ్య బలగానికీ యంత్రానికీ పోటీ పెట్టింది. సాంబయ్య నీళ్ళు తాగితే లెక్కలో ఒక గూడు తగ్గింపు. కూనిరాగం తీస్తే తగ్గింపు. మంగతాయి విప్పించిన గూళ్ళు అసలు లెక్కలోకే రావు. యంత్రమేమో కొండంత గుట్ట కక్కింది. సగం గూళ్ళకి గుమ్మం లేదు, సగం గూళ్ళకి అడుగు లేదు.

"గుడ్లు కిందపడతాయి కదండీ?" అన్నాడు సాంబయ్య.

"అది గుడ్ల సమస్య," అంది నక్క. "ఒరేయ్, యంత్రం తినదు, పడుకోదు, పెళ్ళాం మాట వినదు. ఇక మీరెందుకురా?"

"వానలొచ్చేస్తున్నాయి అయ్యగారూ. గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి."

"మూసుకోమను."

మర్నాడు యంత్రం గొంతుకి గడ్డి అడ్డంపడి ఆగిపోయింది. నక్క పరుగున సాంబయ్య కొమ్మ కిందికొచ్చింది.

"సాంబయ్య బావా! రేపు ఛైర్మన్ సింహంగారు యంత్రాన్ని చూడ్డానికొస్తున్నారు. మీరంతా దాని కడుపులో కూర్చుని కాస్త అల్లిపెట్టాలి. సగం కూలి. నోరు మాత్రం విప్పకూడదు."

"నోరు విప్పకుండా పనా? మా వంశంలోనే లేదు," అంది మంగతాయి.

"పిల్లల మొహం చూడవే," అన్నాడు సాంబయ్య. చేసేదిలేక అందరూ కడుపులో దూరారు.

సింహం వచ్చింది. యంత్రం ఒక్కో గూడే, ముచ్చటైన గూడు, బయటికి తోస్తోంది.

"ఒక్క కూలివాడు లేడు ప్రభూ! అన్నీ అదే!" అంది నక్క, తోక నెమలి పింఛంలా విప్పుకుని.

అంతలో లోపల ఎవడో కుర్రగిజిగాడు ఓ గూడు వంకరగా అల్లాడు. మంగతాయి ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"ఛీ! ఇదేం గూడు? విప్పెయ్!"

సింహం ఉలిక్కిపడింది. "ఎవరది?"

నక్క ఠక్కున తోక ముడిచింది. "యంత్రమే ప్రభూ! తన తప్పు తానే పట్టుకుని తిట్టుకుంటోంది."

"తనని తానే అజమాయిషీ చేసుకుంటుందా!" సింహం మురిసిపోయింది. "మరి నువ్వెందుకోయ్?"

నక్క నోరు తెరిచింది. లోపల పిట్టలున్నాయంటే అబద్ధాలకోరని తల పోతుంది. లేవంటే ఉద్యోగం పోతుంది. నోరు మూసుకుంది.

"కూలీల కంకులూ, నక్క కంకులూ అన్నీ ఇవాళ్టి నుంచి యంత్రం నోట్లోనే పొయ్యండి," అంది సింహం.

"యంత్రం తినదు ప్రభూ!"

"తిట్టేది తినదుటోయ్?"

ఆ పూట గిజిగాళ్ళ పిల్లలు మింగిన గింజలకి గూళ్ళు కిందికి వేలాడి నేలకి ఆనుకున్నాయి.

వానలు మొదలయ్యాయి. తడిసి ఎలుకంత అయిపోయిన నక్క ఒకనాడు యంత్రం పొట్ట తట్టింది.

"మంగతాయి వదినా, లోపల కాస్త చోటుందా? సగం కూలైనా ఫరవాలేదు."

మంగతాయి జరిగింది. నక్క ఇరుక్కుని కూర్చుని, తోక బయటికి వదిలేసి, వణికే పళ్ళతో జన్మలో మొదటి గూడు అల్లింది. మంగతాయి దాన్లో దూరి, ఒక్క ఊపు ఊగింది.

"ఛీ! ఇదేం గూడు? విప్పెయ్!"

నీతి: యంత్రం వస్తే కూలీల అవసరమే ఉండదు, దాని కడుపులోకి తొంగిచూడనంత వరకూ.