రాళ్లచెల్కకు ఐసుపుల్లల వంతెన

నాగరికత వాగు దాటడంతో మొదలవుతుందని పెద్దలంటారు. మన దగ్గర అది వంతెన ఫొటో ఎక్కించడంతో సంపూర్ణమవుతుంది. ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఘనత తెలకపల్లి దగ్గరి రాళ్లచెల్క అనే చిన్న ఊరిది. (ఆ సంగతి ఊరికి కాస్త ఆలస్యంగా తెలిసింది. మధ్యలో వాగుంది కదా.)

రాళ్లచెల్క శివశంకర్‌కు తెలకపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. వెనక గదిలో పెద్ద బల్ల, బల్ల మీద ఒక యుద్ధభూమి. సంస్థానాల కాలంనాటి సైన్యాలను వేలెడంత బొమ్మలుగా నిలబెట్టి, పాచికలు వేసి పోరాడే ఆట అది. ప్రత్యర్థి కల్వకుర్తిలో టైర్ల దుకాణం నడిపే లాల్ అహ్మద్. శివశంకర్ థర్మకోల్‌ను వేడి బ్లేడుతో కోసి గుట్టలు చేస్తాడు. గద్వాల మగ్గాల దగ్గర మిగిలిన దారపు ముక్కలు తెచ్చి, పచ్చరంగులో ముంచి, సన్నగా కత్తిరించి గడ్డి మొలిపిస్తాడు. వాగు ఒడ్డుకు సొంతూరి ఇసుకనే తల్లి రామేశ్వరమ్మ చాయ్ వడపోసే జాలితో పట్టి జిగురు మీద చల్లుతాడు. (ఆ ఇంట్లో చాయ్ అప్పుడప్పుడూ కరకరలాడుతుంది.)

బల్ల మీది ఊరు కూడా రాళ్లచెల్కే. ఉన్నది ఉన్నట్టు చేయడం వల్ల దానికీ వంతెన లేదు. అందుకే శివశంకర్ సైన్యం ఏ ఆదివారమూ వాగు దాటలేదు, ఒక్క యుద్ధమూ గెలవలేదు. చివరికి మనసు చంపుకొని, చరిత్రను పక్కనపెట్టి, ఐసుపుల్లలతో వంతెన కట్టాడు. బూడిదరంగు వేసి, పైన తెల్లరంగును పొడి బ్రష్‌తో రుద్దితే అచ్చం పాతకాలపు రాతి వంతెనలా తేలింది. ఇక ఈ ఆదివారం గెలుపు తనదే అనుకున్నాడు.

అప్పుడే దృశ్య ప్రగతి విభాగం అధికారి సాయినాథ్ వానకు తడిసి దుకాణంలోకి వచ్చాడు. రాళ్లచెల్కకు ఎప్పుడో మంజూరైన వంతెన ఎంతవరకు వచ్చిందో 'కనబడెను' అనే యాప్‌లో ఫొటో పెట్టడం ఆయన విధి. నియమం ప్రకారం ఫొటో అవతలి ఒడ్డు నుంచే తీయాలి. అవతలికి పోవాలంటే వంతెన కావాలి. ఈ చిక్కు గురించి ఆలోచిస్తూ ఆయన బల్ల వైపు చూశాడు.

"అబ్బ, మస్తు చేసినవన్నా!" అంటూ ముచ్చటపడి ఫోన్ ఎత్తి ఫొటో తీశాడు. యాప్ తెరిచే ఉంది. 'వంతెన గుర్తించబడినది. పని పూర్తి. ధన్యవాదములు' అంది. సాయినాథ్ కంగారుగా రద్దు మీట కోసం వెతికాడు. అలాంటిది లేదు. (ప్రగతి వెనక్కి పోరాదని నియమం.)

రెండు రోజులకు వాగు కాస్త తగ్గగానే రామేశ్వరమ్మ వంతెన సంగతి అడగడానికి నాగర్‌కర్నూల్‌లో సాయినాథ్ ఆఫీసుకు పోయింది. ఆయన తల దించుకొనే కంప్యూటర్ తిప్పి చూపించాడు.

"మీ ఊరికి బ్రిడ్జి అయిపోయింది గదమ్మా."

"అయ్యో సారూ, గిది మా పోరడు చేసిన బొమ్మ! గా ఇసుక నా చాయ్ జాలితోని పట్టిందే!"

"అంటే ఇసుక మీ ఊరిదేనన్నట్టు," అని ఆయన ఫైల్లో రాసుకున్నాడు.

"మా పక్కింటి రేణుకకు నెలలు నిండుతున్నయ్. నొప్పులొస్తే దవాఖానకు గీ ఫొటో మీద నడిచి పోవాల్నా?"

సాయినాథ్ మంచివాడు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "ఉన్న బ్రిడ్జిని మళ్ల కట్టనీకె రూల్ లేదమ్మా. కూలితే మాత్రం అర్జెంటు నిధులొస్తయ్. కానీ చేతులతోని ఇరగ్గొట్టొద్దు, సర్కారు ఆస్తి, కేసయితది. వరదలనన్న కూలాలె, యుద్ధంలనన్న కూలాలె."

బల్ల మీద వరద రాదు. ఆదివారం రామేశ్వరమ్మ యుద్ధభూమికి స్వయంగా వచ్చి కుర్చీ వేసుకుంది. "శివా, ఎన్నడన్న గెలిస్తివా? గీ ఒక్కరోజు గూడ గెలవకు బిడ్డా, వంతెన కూలనియ్యి."

లాల్ అహ్మద్ నొచ్చుకున్నాడు. "గట్లొద్దమ్మా. ఇజ్జత్‌తోని ఆడి గెలుస్త. ఇచ్చిన గెలుపు నాకొద్దు."

అదృష్టం ఎప్పుడు రాకూడదో అప్పుడే వచ్చింది. శివశంకర్ పాచికలన్నీ ఆరులే పడ్డాయి. లాల్ అహ్మద్ ఫిరంగులు వంతెనను తప్ప అన్నిటినీ కొట్టాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి శివశంకర్ గుర్రాలు వాగు దాటాయి. లాల్ అహ్మద్ కోట ఒక్క ఎత్తు దూరంలో ఉంది. అతను తల్లి వైపు చూశాడు. ఆమె బల్లను చూడడం లేదు, కిటికీలోంచి వానను చూస్తోంది.

వంతెన మీదికి ఒకసారికి ఒక్క ఏనుగే ఎక్కాలని ఆట నియమం. శివశంకర్ సీసపు ఏనుగులన్నిటినీ ఒక్కసారే ఎక్కించాడు.

"అరె, ఏం జేస్తున్నవ్? గెలిచినవ్ గద!"

"నా ఏనుగులు, నా ఇష్టం లాల్ భాయ్."

పుల్లలు టపటపా విరిగాయి. లాల్ అహ్మద్ వాగులో పడ్డ ఏనుగులను ఒక్కొక్కటే తీసి తుడిచాడు. "గీ ఆట నా గెలుపుల కలుపుకోను," అన్నాడు. ఎన్నేళ్లుగానో కోరుకున్న గెలుపును అలా వదిలేసిన శివశంకర్‌ను తలచుకుంటే, వ్యంగ్యం రాసుకు బతికే నాకూ కలం పక్కన పెట్టాలనిపిస్తుంది.

సాయినాథ్ వచ్చి విరిగిన పుల్లల ఫొటో తీయగానే యాప్ స్పందించింది. 'వంతెన కూలినది. కారణం: ఏనుగులు. చింతిస్తున్నాము.' ఆ వారంలోనే నిధులు వచ్చాయి. విభాగం చరిత్రలో ఇంత వేగం ఎవరూ ఎరగరు. అధికారుల జీపు మాత్రం వాగు దగ్గరికి పోలేదు. యాప్ చూపిన చోటుకే, అంటే దుకాణం ముందుకే వచ్చి ఆగింది. దాంట్లోంచి జిగురు డబ్బా, ఐసుపుల్లల కట్ట, పని పర్యవేక్షించడానికి ఇద్దరు ఇంజనీర్లు దిగారు. సాయంత్రానికి మరమ్మతు ముగిసింది. జిగురు ఆరేవరకు ఏనుగులకు ప్రవేశం లేదని బోర్డు కూడా పెట్టారు.

ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరించే గౌరవం రేణుకకు దక్కింది. వాగు తగ్గాక రమ్మన్నారు.