నత్తల ఆఖరి గడువు

ఆ ఉదయం ఇంట్లో అనుకున్నది ఒక్కటే. సాయంత్రం అయిదింటికి అక్వేరియం షాపతను వస్తాడు. హాల్లో కిటికీ పక్కనున్న గాజుతొట్టిని ఎత్తుకుపోతాడు. వెలుతురున్న ఆ మూలలోకి టైలరమ్మ కుట్టుమిషన్ జరుగుతుంది.

ఒప్పందం పది నెలల నాటిది, గడువు ఆ సాయంత్రంతో సరి. సముద్రపు నత్తలను ఉప్పునీళ్ల తొట్టిలో పెంచి, పిల్లల్ని పెట్టించి చూపిస్తానని స్టోర్‌కీపర్ తన భార్య టైలరమ్మతో పందెం కాశాడు. చూపిస్తే మూల అతనిది, లేకపోతే ఆమెది. ఈ పది నెలలూ ఎనిమిది నత్తలు గాజుకు అతుక్కుని, పాచి తింటూ, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా కాలక్షేపం చేశాయి.

"ఇవాళ హీటర్ రెండు డిగ్రీలు పెంచాను. ఇంతకంటే నేను చెయ్యగలిగింది లేదు," అన్నాడు స్టోర్‌కీపర్ బూట్లు వేసుకుంటూ. "తొట్టి మీద చెయ్యి వెయ్యకండి. ఏం కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యాలో తెలుసుగా?"

"ఊఁ," అంది టైలరమ్మ మిషన్ తొక్కుతూ. నత్తల గురించి అతను ఏం చెప్పినా ఆమె జవాబు అదే. మామగారిది మరో పద్ధతి. కొడుకు నత్తల ఊసెత్తగానే చెవి మిషన్ తీసి జేబులో వేసుకునేవాడు.

పదకొండింటికి టైలరమ్మ కర్టెన్ గుడ్డ మీది సుద్ద గీతలను కిటికీ దగ్గర నిలబడి దులిపింది. అరగంట తర్వాత తల తిప్పితే తొట్టిలో నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి.

 మూల కావాలన్నది నిజమే గాని, ఇలా కాదు. నత్తలు చచ్చాయంటే 'మూల కోసం పొట్టనబెట్టుకుంది' అన్న మాట బతికున్నన్నాళ్లూ వినాలి. ఆడపడుచు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచీ వినాలి.

భర్త కలిపి ఉంచిన ఉప్పునీళ్ల డ్రమ్ము వంటింట్లో ఉంది. మగ్గుతో తెల్లనీళ్లు మూడు బకెట్లు తోడి, డ్రమ్ములోంచి అన్నే బకెట్ల తేటనీళ్లు పోసింది. బాత్రూం తూము రాత్రి నుంచీ పూడుకుపోయి ఉంది, ప్లంబర్ ఇంకా రాలేదు. బకెట్లను వెనక బాల్కనీలో ఆరేసిన దుప్పట్ల చాటున దాచి, ఏమీ ఎరగనట్టు వంటలో పడింది.

పన్నెండున్నరకు హాల్లో చప్పుడైంది. వచ్చి చూస్తే నీళ్లు మళ్లీ తెల్లబడి ఉన్నాయి. మామగారు తన స్నానాల టబ్బు పక్కన పెట్టుకుని చెంబుతో తోడుతున్నాడు.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

"స్నానానికి నీళ్లమ్మా."

"తొట్టిలోంచా?"

మామగారు చెంబు దించాడు. "వాడికి చెప్పనంటే చెబుతాను. పొద్దున అందులో చెంచాడు పాలపొడి వేశాను. పది నెలల్నుంచీ పాచి తిని బతుకుతున్నాయి, నోరులేని జీవాలు. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"పాలపొడి కాదు మామయ్యా, నా సుద్దపొడి."

"నీది కాదులే. చెంచా నిండా వేశాను."

"నేను మూడు కర్టెన్లు దులిపాను."

నేరం ఎవరిదో తేలలేదు గాని, ఇద్దరూ కలిసి టబ్బు నింపారు. డ్రమ్ము అడుగంటింది. తొట్టి నీళ్లు ఎట్టకేలకు తేటపడ్డాయి.

"మళ్లీ తెల్లబడితే పొయ్యడానికి చుక్క లేదు," అంది టైలరమ్మ.

"ఆ షాపతన్ని ఇప్పుడే రమ్మను. మావాడొచ్చేసరికి తొట్టే లేకపోతే, తెల్లగా ఉందా నల్లగా ఉందా అని అడిగేదెవరు?"

ఫోన్ చేస్తే షాపతను అరగంటలో వచ్చాడు. అతని వెనకే స్టోర్‌కీపర్ కూడా మెట్లెక్కాడు. ఆఫీసులో మనసు నిలవక ఒంటిపూట సెలవు పెట్టాడట. నేరుగా తొట్టి దగ్గరకెళ్లి తేటనీళ్లను చూసి అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

"ఓడిపోయానోయ్. ఇవాళైనా తెల్లబడతాయనుకున్నాను."

"ఏవి?" అంది టైలరమ్మ.

"నీళ్లు. వందసార్లు చెప్పాగా. మగవీ ఆడవీ విడిచిందంతా కలిసి గుడ్లయ్యేటప్పుడు నీళ్లు పాలలా అవుతాయి. ఆ తెలుపు కోసమేగా ఇన్నాళ్లూ కాచుకున్నాను."

మామగారు చెవి మిషన్ మీద చెయ్యి వేశాడు గాని, ఈసారి తియ్యలేదు. టైలరమ్మ కిటికీ వైపు చూసింది. ఎండ సూదిలో దారం ఎక్కించుకునేంత తీరుగా పడుతోంది. నోరు మూసుకుంటే చాలు, ఆ మూల ఆమెది.

షాపతను పైపు విప్పడానికి వంగాడు. స్టోర్‌కీపర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకోలేదు.

"ఆగు బాబూ," అంది టైలరమ్మ. "ఏవండీ, ఒకసారి బాల్కనీలోకి రండి."

దుప్పట్ల చాటున మూడు బకెట్లూ ఒక టబ్బూ వరసగా ఉన్నాయి. షాపతను జేబులోంచి భూతద్దం తీసి టబ్బులోకి చూశాడు. అడుగున పచ్చటి చుక్కలు, ఆవగింజలో నాలుగో వంతు కూడా లేనివి, వేలకు వేలు.

"గుడ్లు సార్. రేపటికి ఈదుతాయి. వీటిని బయటికి తీసిందెవరు?"

"నేనే," అంది టైలరమ్మ తల వంచుకుని.

"నేను కూడా," అన్నాడు మామగారు, శిక్షలో వాటా అడుగుతున్నట్టు.

"బతికించారు. తొట్టిలోనే ఉండి ఉంటే ఆ ఫిల్టర్ సాయంత్రానికి ఒక్కటి మిగల్చకుండా లాగేసేది. ఆ సంగతి సార్‌కి తెలిసినట్టు లేదు."

సార్‌కి తెలియదు. పది నెలలు పుస్తకాలు తిరగేసిన మనిషి భార్యను తేరిపార చూశాడు. "ఇంత తెలిసీ ఊఁ అని ఊరుకున్నావా?"

"ఊఁ," అంది టైలరమ్మ.

తొట్టిని తీసుకుపోవడానికి వచ్చిన షాపతను, సాయంత్రం లోపల ఇంకో రెండు తొట్లు దించి వెళ్లాడు.