వరసలో కట్టిన ఉయ్యాలలు

ఉయ్యాల తల్లికి ఎంత దూరంగా ఉంటే బిడ్డకు అంత మేలు. నమ్మరా? అయితే మీరు మార్కాపురంలో మా పలకల కార్ఖానా చూడలేదన్నమాట!

మొన్నటిదాకా మాదీ మోటు కార్ఖానానే లెండి. షెడ్డులో ఒక్కో కుటుంబానికి ఒక జాగా ఉండేది. గని నుంచి బండి మీద వచ్చిన రాయిని నా భర్త ఏబేలు పలుచగా చీల్చి ఇటు నెట్టేవాడు. నేను ఇసుకా నీళ్ళూ వేసి నున్నగా రుద్ది మామగారి వైపు జరిపేదాన్ని. ఆయన చెక్క చట్రం బిగించేవారు. రాయి పలక అయ్యేదాకా చేతికందే దూరం దాటేది కాదు. నా పక్కనే దూలానికి పాతచీర ఉయ్యాల, అందులో ఏడు నెలల నా కూతురు ఎలీషబా. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూనే రుద్దేదాన్ని. ఎంత అనాగరికం!

అప్పుడు మద్రాసులో ఏదో పెద్ద ఫ్యాక్టరీ చూసి వచ్చిన కొత్త మేనేజరు ఆదినారాయణగారు మమ్మల్ని ఉద్ధరించారు. ఒక రకం పనంతా ఒకచోటే ఉండాలట. దాన్ని సిస్టం అంటారట. నాలుగో తరగతితో చదువు మానిన నాకు అంత మాట ఎక్కడ తెలుస్తుంది! ప్లాను గీసి ఆఫీసు గోడకు అంటించారు. చీల్చేవాళ్ళందరూ పడమటి కొసన. రుద్దే ఆడవాళ్ళం తూర్పు కొసన. చట్రాలు బిగించేవాళ్ళు మళ్ళీ పడమటనే, ఎందుకంటే చెక్కలు అప్పటికే అక్కడ పడి ఉన్నాయి. నడిమధ్య, గాలి బాగా ఆడే చోట, ఆఫీసు.

పాపం, ఇదివరకు పలకలకు లోకజ్ఞానం ఉండేది కాదు. ఇప్పుడు మా నెత్తినెక్కి తూర్పుకు వస్తాయి, నునుపు తేలి పడమటికి పోతాయి. దారిలో కొన్ని జారి పగులుతాయి. పగిలినవీ ఒక రకమే కాబట్టి వాటికీ ఒక చోటు ఇచ్చారు. మా కార్ఖానాలో ఆ కుప్ప పెరిగినంత చక్కగా ఇంకేదీ పెరగలేదు.

మరి ఉయ్యాలల సంగతి? అవీ ఒక రకమే కదా! చీల్చేవాళ్ళ పక్కన దూలమొకటి ఖాళీగా ఉందని అన్నిటినీ అక్కడే వరసగా కట్టించారు. ఒక్క మనిషి సుత్తి దుమ్ము వేరు, అందరి సుత్తుల దుమ్మూ ఒకచోట లేవడం వేరు. బిడ్డలకు పౌడరు ఖర్చు తప్పింది!

తండ్రులు పక్కనే ఉన్నారు కదా అంటారు మేనేజరుగారు. ఉన్నారు. సుత్తుల మోతలో వాళ్ళ మాట వాళ్ళకే వినపడదు.

ఒక బిడ్డ ఏడిస్తే ఎవరి బిడ్డో తెలియక తల్లులందరం పరుగెత్తుతాం. ఒళ్ళు తేలికపడుతుంది. లేదా ప్రతి తల్లీ పక్కామె బిడ్డేలే అనుకుని కదలదు. ఒళ్ళు విశ్రాంతి పొందుతుంది. ఏ విధంగా చూసినా లాభమే! నాకే అది చాలలేదు. అక్కడికి మారిన వారానికే ఎలీషబాకు దగ్గు పట్టుకుంది. ఏడుపు తూర్పు కొస దాకా వస్తుంది గానీ పసిబిడ్డ దగ్గు రాదు. చేతులు ఇసుకలో, చెవులు పడమట పెట్టుకుని రుద్దీ రుద్దీ కొన్ని పలకలను కాగితాల్లా చేశాను.

ఉయ్యాల నా దగ్గరికి మార్చనీయమని పోయి మేనేజరుగారిని అడిగాను. ఒక ఉయ్యాల కదిలితే సిస్టమంతా కదులుతుందని ఆయన ఓపికగా చెప్పారు.

మొన్న మధ్యాహ్నం బిడ్డ దగ్గీ దగ్గీ ఊపిరి అందక నీలమైపోయిందని ఏబేలు పరుగెత్తుకొచ్చాడు. నేను పోయేసరికి ఊపిరి తిరిగింది. కనురెప్పల మీద రాతిదుమ్ము. ఉయ్యాల విప్పి నేరుగా ఆఫీసులోకి పోయి మేనేజరుగారి కుర్చీ పక్కన దూలానికి కట్టాను. మాలో పెద్దామె మగ్దలీనమ్మత్త తన మనవడి ఉయ్యాల తెచ్చింది. ఆమె వెనక తక్కినవాళ్ళూ తెచ్చారు.

భోంచేసి వచ్చిన ఆదినారాయణగారు గడపలోనే ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది? ఇది ప్లానులో ఉందా?"

"మీ ప్లానే గదా సారూ," అంది మగ్దలీనమ్మత్త. "పనిచేసేటోళ్ళను రకానికొక జాగాలో సర్దినారు. పనిలేకుండా గాలికి కూచునేటోళ్ళది ఒక రకం. అందుకని ఒక్కకాడ చేర్చినాం."

ఆయన నవ్వలేదు. విప్పండి అన్నారు.

"విప్పుతాం సారూ," అన్నాను. "దుమ్ము లేని జాగా, బిడ్డ దగ్గితే నాకు ఇనపడే జాగా, ఈ ప్లానులో యాడుందో చూపీండి. ఆడనే కట్టుకుంటాం."

ఆయన గోడ దగ్గరికి పోయి వేలు పెట్టి వెతికారు. నీళ్ళతొట్టి దొరికింది. చెక్కల కుప్ప దొరికింది. తన సైకిలు పెట్టుకునే చోటు కూడా దొరికింది.

ఇంకా వెతుకుతున్నారు. తొందరేమీ లేదని చెప్పి మేము పనిలోకి పోయాం. సిస్టం మంచిదే అక్కలారా, నేను కాదనను. ఆ సాయంత్రంలోగా ఆఫీసు దూలానికి ఊగుతూ ఎలీషబా రెండుసార్లు దగ్గింది. తూర్పు కొసన పలక రుద్దుతున్న నాకు రెండూ వినపడ్డాయి.